టార్గెట్ ఒకరిది, జవాబు ఇంకొకరిది

బీమా ఉద్యోగుల అసంతృప్తి అనగానే అది జీతాల గొడవే అయి ఉంటుందని అనుకోవడం అలవాటైపోయింది. జీతాల విషయంలో వారికి ఫిర్యాదు లేకపోలేదు. ఎల్‌ఐసీలో 2017 ఆగస్టు నుంచి వర్తించాల్సిన వేతన సవరణకు 2021 ఏప్రిల్‌లో గానీ నోటిఫికేషన్ రాలేదు. 2022 ఆగస్టుది 2024 మార్చిలో వచ్చింది. చట్టం ప్రకారం ఆ నిర్ణయం కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి సంస్థ పెద్దలు తలచుకున్నా చేయగలిగింది తక్కువని ఉద్యోగులకూ తెలుసు. బకాయిలు చేతికొచ్చాక ఆ కోపం చాలావరకు చల్లారుతుంది. హన్మకొండ నుంచి ఆదిలాబాద్ దాకా పెద్ద బీమా సంస్థల బ్రాంచీల్లో, అవి ప్రభుత్వ రంగానివైనా ప్రైవేటువైనా, పేరుకుపోతున్న అసంతృప్తి వేరు. పైవాళ్లు అడిగే లెక్కకూ తాము కౌంటర్లో చేసే పనికీ పొంతన లేదన్నది దాని సారాంశం. ఆ మాటలో నిజం ఉందని మేం నమ్ముతున్నాం.

పైనుంచి అడిగే లెక్క ఒక్కటే: ఇవాళ ఎన్ని ప్రపోజల్స్ (కొత్త పాలసీ దరఖాస్తులు) లాగిన్ అయ్యాయి, మొదటి ప్రీమియం ఎంత వచ్చింది. జనవరిలో మొదలై మార్చి 31 దాకా రివ్యూ మీద రివ్యూ. వీడియో కాన్ఫరెన్సు పెట్టేది కూడా కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్న వేళలోనే. మేనేజరు తెర ముందు కూర్చుంటే ఆయన సంతకం కావాల్సిన క్లెయిమ్ ఫైలు బల్ల మీద ఆగిపోతుంది. ఎవరైనా రిటైరయితే ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది, ఆ పని పక్కవారి నెత్తిన పడుతుంది. రివ్యూలో ఈ సంగతి ఎత్తితే సాకులు చెప్పొద్దన్న మాటే ఎదురైతే, రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

మార్చి ఆఖరి వారంలో ఏం జరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి. ఒక ప్రపోజల్ సరిగా నింపాలంటే తీరుబాటుగా కూర్చోవాలి. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో మరొకటి ఉంటే ఏది తీసుకోవాలో తేల్చాలి. షుగర్, బీపీ, పాత ఆపరేషన్లు, వాడుతున్న మందుల గురించి ఒక్కో ప్రశ్న తెలుగులో విడమరిచి అడిగి రాసుకోవాలి. నామినీ పేరు బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్నట్టే ఉండాలి. కట్టలు కట్టలుగా ఫారాలు వచ్చి పడే ఆ రోజుల్లో ఇవేవీ జరగవు. ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అని వరసగా టిక్కులు పడతాయి. ఏడాది కిస్తీ కట్టలేని రైతుకు మూడు నెలల కిస్తీ పెడతారు. కొన్నిచోట్ల ఆ మొదటి కిస్తీ ఏజెంటే తన జేబులోంచి కట్టేస్తాడు. అలా ఆశ చూపి పాలసీ చేయించడం బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించిన పని.

మార్చి నెలాఖరు పాలసీకి రెండో కిస్తీ జూన్ చివర వస్తుంది. సరిగ్గా విత్తనాలకూ ఎరువులకూ రైతు అప్పు చేసే రోజులవి. కిస్తీకి ఇచ్చే నెల రోజుల అదనపు గడువు (గ్రేస్) దాటగానే పాలసీ ల్యాప్స్, అంటే బీమా ఆగిపోయినట్టే. నోటీసు పంపేదీ, ఆగిన పాలసీని తిరిగి బతికించే రివైవల్ కాగితాలు చూసేదీ మళ్లీ అదే బ్రాంచి ఉద్యోగి. ఒకే పాలసీకి రెండుసార్లు చాకిరీ, అయినా రెండో చాకిరీకి రివ్యూలో లెక్క ఉండదు.

పాలసీ నిలిచినా చిక్కు తప్పదు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. మూడేళ్లలోపు మనిషి పోతే మాత్రం ఫారంలో రాసినవన్నీ తిరగదోడతారు. విచారణ అక్కర్లేని మరణ క్లెయిమ్‌ను 15 రోజుల్లో, విచారణ అవసరమైతే 45 రోజుల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఆసుపత్రి రికార్డులో పాత షుగర్ బయటపడితే ‘లేదు’ అన్న టిక్కు ఆ కుటుంబానికి శాపమవుతుంది. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి నర్సంపేట నుంచో పరకాల నుంచో బస్సెక్కి వచ్చి కౌంటర్ ముందు ఏడుస్తుంటే జవాబు చెప్పాల్సింది గుమస్తా. ఆ మార్చిలో టార్గెట్ పెట్టినవారు అప్పటికి బదిలీ మీదో ప్రమోషన్ మీదో వెళ్లిపోయి ఉంటారు. నాయకత్వం మీద నమ్మకం చచ్చేది ఇక్కడే.

కింది ఉద్యోగులకు తెలిసింది అడిగితే ఈ నష్టం చాలావరకు తప్పేది. ఈ ప్రాంతంలో పత్తి డబ్బు నవంబరు నుంచి జనవరి మధ్య వస్తుంది, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఫిబ్రవరి నుంచి తరలుతుంది. కిస్తీ తేదీ ఆ నెలల్లో, ఏడాదికో ఆరు నెలలకో ఉంటే పాలసీ నిలుస్తుంది. బొగ్గు గనుల ఊళ్లలో సమస్య వేరు. అక్కడ ప్రీమియం జీతం నుంచే కోతపడుతుంది. కార్మికుడు ఒక ఏరియా నుంచి మరో ఏరియాకు మారినప్పుడు కోత జాబితాలో పేరు జారిపోతే, ఆ నెలల గ్యాప్ క్లెయిమ్ నాటికి గానీ బయటపడదు. నెలనెలా పంపిన జాబితాకూ తిరిగొచ్చిన జాబితాకూ తేడా పట్టే మనిషి ఒకరు కావాలి. అలాంటి మనిషిని కొత్త వ్యాపారం సెక్షన్‌కు లాగేస్తే ఆ గ్యాపులు పెరుగుతూనే ఉంటాయి.

ప్రైవేటు సంస్థల తరఫున బ్యాంకుల్లో కూర్చునే కుర్రవాళ్ల పరిస్థితి మరీ దయనీయం. ఎఫ్‌డీ రెన్యువల్‌కు వచ్చిన పెద్దాయనకు ఏటా కట్టాల్సిన పాలసీ అంటగట్టకపోతే ఆ నెల గడవదు. నచ్చని పాలసీని వెనక్కివ్వడానికి ఉండే 30 రోజుల ఫ్రీలుక్ గడువులో ఆయన తిప్పి పంపితే తిట్లు తినేదీ వీళ్లే. ఏడాది తిరక్కుండానే రాజీనామా చేస్తే, వాళ్లు చేయించిన పాలసీలకు దిక్కుండదు.

బీమా ఉద్యోగులకు సేవాభావం లేదనేవారు తెలంగాణ ప్రభుత్వ రైతుబీమాను చూడాలి. 2018 ఆగస్టు 14న మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా 10 రోజుల్లో నామినీ ఖాతాకు 5 లక్షల రూపాయలు చేరాలి. ప్రీమియం మొత్తం రాష్ట్ర ప్రభుత్వానిది, బీమా ఎల్‌ఐసీది, కాగితాలు వ్యవసాయ విస్తరణ అధికారివి. ఇందులో ఆరోగ్య ప్రశ్నలు లేవు, మార్చి హడావుడి లేదు. పనిని కొలిచేది క్లెయిమ్ చెల్లింపుతో, ఎన్ని పాలసీలు అమ్మారన్నదానితో కాదు. చేసే పని ఎందుకో తెలిసినప్పుడు ఉద్యోగి గడువును తనదిగా చూసుకుంటాడు.

13వ నెలలో, 61వ నెలలో ఎన్ని పాలసీలు నిలిచాయన్నది ప్రతి జీవిత బీమా సంస్థా లెక్కగట్టి బయటపెడుతోంది. ఆ అంకెను బ్రాంచికే కాదు, టార్గెట్ నిర్ణయించిన అధికారికీ ముడిపెట్టాలి, ఆయన వేరే చోటికి వెళ్లినా సరే. 2024 అక్టోబరు నుంచి, మొదటి ఏడాది ప్రీమియం మాత్రమే కట్టి మానేసినవారికీ సరెండర్ విలువ (పాలసీ వదులుకుంటే తిరిగొచ్చే సొమ్ము) ఇవ్వాలన్న నిబంధన వచ్చాక మొదటి ఏడాది కమీషన్లకు కోత పెట్టిన సంస్థలున్నాయి. అంటే భారం ఏజెంటు మోశాడు. అధికారుల ప్రమోషన్ కొలమానం మాత్రం ఎందుకు మారకూడదు? రివ్యూలు కౌంటర్ మూసిన తర్వాత, వారానికొకటి చాలు. క్లెయిమ్స్ సెక్షన్ సిబ్బందిని మార్చిలో కదపబోమని రాతపూర్వకంగా చెప్పాలి.

ఏప్రిల్‌లో కొత్త టార్గెట్ షీట్లు దిగకముందే, ఫిబ్రవరిలో వరంగల్, కరీంనగర్‌లలో బ్రాంచి సిబ్బందిని, ఏజెంట్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. కిందటేడు మార్చిలో చేసిన పాలసీల్లో ఇప్పటికి ఎన్ని బతికున్నాయో బ్రాంచీ వారీ కాగితం బల్ల మీద ఉండాలి. అక్కడ లేచిన ప్రతి అభ్యంతరానికీ నెలలోపు రాతపూర్వక జవాబు రావాలి. ఆ సమావేశానికి టార్గెట్‌ను తగ్గించే అధికారం ఉన్నవారే స్వయంగా రావాలి, విని పైకి చేరవేస్తామనే అధికారిని పంపి ఊరుకోకూడదు.