మీ ఐడియా పరిశీలనలో ఉంది

మన ఆఫీసుల్లో ఐడియాలకు ఏనాడూ కొరత లేదు. కొరతల్లా వాటికి నంబర్ వేసే నాథుడికే. ఎవడికి ఏ ఆలోచన వస్తే అది టీ కొట్టు దగ్గర చెప్పేయడం, విన్నవాడు "బాగుందిరా, చేసేద్దాం" అనడం, మర్నాడు ఇద్దరూ కూర్చుని చేసేయడం. ఎంత అరాచకం! ఆ ఐడియా ఎవరిది, ఏ దశలో ఉంది, ఎవరిని అడిగి పుట్టింది అంటే చెప్పే దిక్కు ఉండేది కాదు. ఈ దుస్థితి నుంచి పరిశ్రమను గట్టెక్కించడానికే ఐడియా ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ అవతరించింది. దాన్ని వెటకారం చేసేవాళ్లు ఈమధ్య మరీ ఎక్కువైపోయారు కాబట్టి, దాని తరఫున నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

తెలియనివాళ్ల కోసం: మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో కాస్త పెద్ద కంపెనీ ఏదైనా సరే, ఇలాంటి పోర్టల్ ఒకటి ఉంటుంది. ప్రాజెక్టులో ఎవరికైనా కొత్తగా ఏదైనా తోస్తే అందులో లాగిన్ అయ్యి ఫారం నింపాలి. పేటెంట్ వాసన తగిలితే ఆ ఫారాన్ని ఇన్వెన్షన్ డిస్‌క్లోజర్ అని గౌరవంగా పిలుస్తారు. అక్కడి నుంచి అది రివ్యూ చేసేవాళ్లకు, వాళ్ల నుంచి కమిటీకి, కమిటీ కనికరిస్తే లాయర్లకు వెళ్తుంది. దారి పొడవునా రంగు రంగుల గుర్తులు. ఐడియా ఎక్కడుందో ఏ క్షణంలోనైనా చూసుకోవచ్చు. ఏమిటో మాత్రం ఎవరూ చూడనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

గచ్చిబౌలిలో ఒక కంపెనీ అనుకుందాం. అందులో రాత్రి డ్యూటీ కుర్రాడు ఒకడు. డేటాబేస్ ఒకటి పడుకుంటే, దాని మీద ఆధారపడ్డ అప్లికేషన్లన్నీ విడివిడిగా అలారం కొడతాయి. అర్ధరాత్రి రెండింటికి వీడి ఫోన్ ఆగకుండా మోగుతుంది. తీరా చూస్తే జబ్బు ఒక్కటే. అన్నిటికీ మూలం ఎక్కడుందో కనిపెట్టి ఒకే అలారం పంపితే సరిపోతుంది కదా అని వాడికి తోచింది. పొద్దున్నే టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, ఒక ఐడియా వచ్చింది."

"పోర్టల్‌లో వేశావా?"

"ఇంకా లేదన్నా. ముందు మీకు చెబుదామని..."

"నాకు చెప్పకు తమ్ముడూ. నాకు చెబితే అది ముచ్చట. పోర్టల్‌లో వేస్తేనే ఐడియా."

పాలనాశాస్త్రం పుస్తకాల్లో ఇంతకంటే స్పష్టమైన నిర్వచనం నాకు కనబడలేదు.

కుర్రాడు ఫారం తెరిచాడు. "ఏ సమస్యను పరిష్కరిస్తుంది?" అన్నచోట "రాత్రి నిద్ర ఉండడం లేదు" అని రాశాడు. లీడ్ దాన్ని చెరిపించి "ఆపరేషనల్ ఎఫిషియన్సీ" అని రాయించాడు. తర్వాతి గడి "ఏటా ఎంత ఆదా, డాలర్లలో". పక్కన ఎర్ర చుక్క, అంటే ఖాళీ వదలకూడదు. నిద్ర ఖరీదు డాలర్లలో ఎంతో వాడికేం తెలుసు? సున్నా వేస్తే ఫారం ఒప్పుకోలేదు. ఒకటి వేస్తే లీడ్ ఒప్పుకోలేదు. చివరికి రెండున్నర లక్షలు అని వేశారు. "ఎలా వచ్చిందని అడిగితే?" అన్నాడు కుర్రాడు భయంగా. "పోయినసారి నేను అయిదు లక్షలు వేశా. నన్నెవరు అడిగారు?" అన్నాడు లీడ్.

ఆ తర్వాత వచ్చింది అసలు ఘట్టం: ఆవిష్కర్తలు ఎవరెవరు, ఎవరి వాటా ఎంత శాతం. ఆలోచన వచ్చినవాడు, వాడితో కూర్చుని బొమ్మ గీసిన స్నేహితుడు, వీళ్లిద్దరే అనుకుంటే పొరపాటు. మార్గదర్శనానికి లీడ్‌కు ముప్పై, దార్శనికతకు మేనేజర్‌కు ఇరవై. మిగతా యాభై కుర్రాళ్లిద్దరూ పంచుకున్నారు. ఆవిష్కరణ ఊహలో పాలు లేనివాడి పేరు ఆవిష్కర్తగా చేరిస్తే, దాన్ని సరిదిద్దకపోతే, అమెరికాలో పేటెంటే చెల్లకుండా పోవచ్చు. ఆ చాదస్తం అమెరికా చట్టానిది. మన సాఫ్ట్‌వేర్‌కు అంత పట్టింపుల్లేవు. మొత్తం నూరు వచ్చిందా, ఆకుపచ్చ టిక్ పెట్టేస్తుంది.

సబ్మిట్ నొక్కగానే ఎర్రగా ఒక హెచ్చరిక: "ఇలాంటి ఐడియా ఇప్పటికే ఉంది. పోలిక 94 శాతం." కుర్రాడు గుండెలు బాదుకుని వెతికితే, అది వాడే గంట క్రితం సేవ్ చేసుకున్న డ్రాఫ్టు. దాన్ని డిలీట్ చేయాలంటే అడ్మిన్‌కు టికెట్, అంటే ఇంకో అర్జీ, పెట్టాలి. పెట్టాడు. అన్నీ అయ్యాక మెయిల్ వచ్చింది: "మీ ఐడియా మాకెంతో విలువైనది. ప్రస్తుతం పరిశీలనలో ఉంది."

ఈ "పరిశీలనలో ఉంది" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలియనివాళ్లు దీన్ని ఆలస్యం అనుకుంటారు. కాదు, ఇది ఒక నిర్ణయం. నిర్ణయాల్లోకెల్లా ఉత్తమమైనది కూడా. రిజెక్ట్ చేస్తే కారణం రాయాలి, రాసిన కారణం రేపు ఎవరైనా చదవచ్చు. ఒప్పుకుంటే బడ్జెట్ ఇవ్వాలి, మనుషుల్ని ఇవ్వాలి, ఫలితం రాకపోతే జవాబు చెప్పాలి. పరిశీలనలో పెడితే ఈ గొడవలేవీ లేవు. పెళ్లిచూపులకు వచ్చి టిఫిన్ తిని "ఇంటికెళ్లి ఫోన్ చేస్తాం" అని వెళ్లినవాళ్ల మర్యాద ఇందులో ఉంది. పైగా పరిశీలనలో ఉన్న ఐడియాలు ఎన్ని ఎక్కువుంటే డాష్‌బోర్డులో గ్రాఫ్ అంత పైకి పోతుంది. కంపెనీ అంతటినీ కూర్చోబెట్టే టౌన్‌హాల్ మీటింగులో ఆ గ్రాఫ్ చూపించి, "మన దగ్గర ఇన్నొవేషన్ ఏ స్థాయిలో ఉందో చూడండి" అని పెద్దాయన అన్నప్పుడు చప్పట్లు కొట్టనివాడు ఎవడు?

చరిత్రలో ఈ సదుపాయం లేక జనం పడ్డ అవస్థలు అన్నీ ఇన్నీ కావు. జపాన్‌లో 1721లో షోగున్, అంటే సైనిక పాలకుడు, యోషిమునే "ఎదో" అనే పేరున్న నగరంలో సలహాల పెట్టె పెట్టించాడు. అదే నేటి టోక్యో. పెట్టె తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, చీటీలు తనే తీసి చదివేవాడట. పాలకుడు చేసే పనేనా అది? దిక్కులేని రోగులకు ఆస్పత్రి కావాలని ఒక వైద్యుడు చీటీ వేస్తే, 1722లోనే ఆస్పత్రి తెరిచేశాడు. ఏడాది తిరక్కుండా! లాభనష్టాల లెక్క చూపే బిజినెస్ కేసు లేదు, ముందుగా చిన్న పైలట్ ప్రయోగం లేదు, సంబంధం ఉన్న స్టేక్‌హోల్డర్లతో మీటింగ్ లేదు. చదివాడు, చేశాడు. ఇలాంటి దుడుకు మనుషుల చేతిలో రాజ్యాలు ఎలా నిలిచాయో నాకైతే అర్థం కాదు.

కెమెరా ఫిల్ములు అమ్ముకునే కొడాక్ కంపెనీవాళ్లు కొంచెం నయం. 1898లో అక్కడ సలహాల పథకం మొదలైతే, కిటికీలు కడిగితే వెలుతురు వస్తుందన్న కార్మికుడికి రెండు డాలర్లు ఇచ్చారు. కడిగించారు కూడా, అది వేరే విషయం. అదే కంపెనీలో 1975లో స్టీవ్ శాసన్ అనే యువ ఇంజినీర్ ఫిల్ము అక్కర్లేని డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 1978లో పేటెంట్ వచ్చింది. రికార్డు పరంగా వంక పెట్టడానికి వీల్లేదు. నంబర్ ఉంది, ఫైల్ ఉంది, తేదీ ఉంది, ఆవిష్కర్త పేరు ఉంది. 2012 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసిన రోజున కూడా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ట్రాకింగ్ అంటే అలా ఉండాలి.

మన దగ్గర చింతకింది మల్లేశం ఉదాహరణ తీసుకుందాం. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ పేర్చాలంటే, ఒక్కో చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి, చేతిలో డబ్బు లేని మనిషి. హైదరాబాద్‌లో కరెంటు పని చేసుకుంటూ ముక్క ముక్కగా కట్టుకొచ్చి 1999కి యంత్రం తిప్పాడు. నాలుగు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ. వినడానికి బాగానే ఉంది. కానీ వృత్తిపరంగా చూస్తే ఎన్ని లోపాలు! ఏటా ఎంత ఆదా, డాలర్లలో? రాయలేదు. స్పాన్సర్ ఎవరు? లేరు. ఏ బిజినెస్ యూనిట్ కిందికి వస్తుంది? అమ్మ. ఆయన చేతిలో మన సాఫ్ట్‌వేరే ఉంటే మొదటి క్వార్టర్‌లోనే ఆపేసి, విలువైన ఏడేళ్లు మిగిల్చేది.

ఇక చట్టం సంగతి. భారత పేటెంట్ చట్టం 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంకు, అల్గారిథంకు ఇక్కడ పేటెంట్ రాదు. అందుకే హైదరాబాద్ బుర్రల్లో పుట్టేవి చాలావరకు అమెరికా దారి పడతాయి. ఇక్కడ నివాసం ఉండేవాళ్లు నేరుగా బయటి దేశంలో అర్జీ పెట్టాలంటే సెక్షన్ 39 కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాల వాళ్లకు పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది. అడిగిన 21 రోజుల్లో ఆ అనుమతి సంగతి తేల్చాలని రూల్. సర్కారీ ఆఫీసుకు 21 రోజుల గడువు! మన కమిటీకి అలాంటి నామోషీ ఏ రోజూ లేదు. మూడో అంతస్తు నుంచి ఐడియా అయిదో అంతస్తుకు వెళ్లడానికి ఎంత కాలం పట్టాలో అంత పడుతుంది.

ఈలోపు వేరేవాళ్లు అదే ఐడియాతో ముందు అర్జీ పెట్టేస్తే? 2013 మార్చి 16 నుంచి అమెరికాలో కూడా ముందు అర్జీ పెట్టినవాడిదే పైచేయి, నిజమే. 1876 ఫిబ్రవరి 14న టెలిఫోన్ కోసం గ్రాహం బెల్ తరఫునా, ఎలైషా గ్రే తరఫునా ఒకే రోజు పేటెంట్ ఆఫీసులో కాగితాలు దాఖలయ్యాయి. ఎవరివి ముందు అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఇద్దరూ మన పోర్టల్‌లో వేసి ఉంటే తగవే ఉండేది కాదు. ఇద్దరివీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉండేవి.

పాయింట్లు, బ్యాడ్జీల గురించి చెప్పకపోతే పాపం. ఐడియాకు పది పాయింట్లు, లైకుకు ఒకటి. తలకు ఇన్ని ఐడియాలని అప్రైజల్‌లో టార్గెట్ ఉంటుంది కాబట్టి, మార్చి ఆఖరి వారంలో మేధస్సు కట్టలు తెంచుకుంటుంది. "మీటింగులు తగ్గించాలి" అన్న ఐడియా అలా ఏటా పుడుతుంది. దాన్ని చర్చించడానికి మీటింగ్ పెడతారు. ఓటింగ్‌లో ఎప్పుడూ గెలిచేది మాత్రం బైక్ పార్కింగ్‌కు షెడ్డు. నా మటుకు నాకు ఆ షెడ్డు నిజంగా అవసరమనే అనిపిస్తుంది. కానీ అది ఆవిష్కరణ కాదని దానికీ నంబర్ వేసి పక్కన పెట్టారు.

ఇప్పుడు ఏఐ కూడా వచ్చి చేరింది. ఉద్యోగి రెండు ముక్కలు చెబితే ఏఐ ఆరు పేజీల ఐడియా రాస్తుంది. ఆరు పేజీలు చదివే ఓపిక లేని రివ్యూయర్‌కు మరో ఏఐ దాన్ని మళ్లీ రెండు ముక్కలు చేసి ఇస్తుంది. మధ్యలో పోయిన విద్యుత్తును ప్రగతి అంటారు. యంత్రాన్ని ఆవిష్కర్తగా ఒప్పుకునేది లేదని 2022లో అమెరికా అప్పీలు కోర్టు, 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేశాయి. మంచిదే. అయితే మనిషి ఐడియాను యంత్రం పక్కన పడేయకూడదని ఏ కోర్టూ అనలేదు, గమనించాలి.

మన కుర్రాడి విషయానికొస్తే, వాడికి ఓపిక తక్కువ. ఒక శనివారం స్నేహితుడితో కూర్చుని చిన్న స్క్రిప్టు రాసి పెట్టేశాడు. ఆ రోజు నుంచి డేటాబేస్ పడుకుంటే ఒకే అలారం. టీమంతా హాయిగా నిద్రపోయింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు, ఆడిట్ వచ్చేదాకా.

"ఈ స్క్రిప్టుకు ఐడియా నంబర్ ఏదండీ?" అన్నాడు ఆడిటర్.

"ఉందండీ, పరిశీలనలో ఉంది" అన్నాడు లీడ్.

"ఆమోదం లేనిదాన్ని ఎలా వాడుతున్నారు?"

న్యాయమైన ప్రశ్న. స్క్రిప్టు ఆపేశారు. ఆ రాత్రి నుంచి అలారాలు మళ్లీ పద్ధతి ప్రకారం, విడివిడిగా మోగుతున్నాయి. పోర్టల్‌కు తెలియకుండా ఉద్యోగులు సొంతంగా చేసుకుంటున్న మెరుగుదలలను కనిపెట్టి ఆపడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ కొనాలని ఆడిటర్ తన రిపోర్టులో సిఫార్సు చేశాడు. దాన్ని కూడా పోర్టల్‌లో ఐడియాగా వేశారు. రెండో రోజే పాసైంది.