శ్రీ సీ0014 గారి సముఖానికి

మహారాజశ్రీ సీ0014 డాట్ ఎంపీ4 అనే పెళ్లి వీడియో క్లిప్పు గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం నాకు తెలియదు, ఎందుకంటే మీ అడ్రసే తెలియదు. నా సంగతంటారా, నిన్న మధ్యాహ్నం రెండింటికి కుర్చీలో కూర్చున్నవాణ్ణి రాత్రి ఎనిమిదింటికి లేచాను.

పని రెండు సెకన్లది. పెళ్లికూతురి నాన్నగారు ఫోన్ చేశారు. "జీలకర్రా బెల్లం దగ్గర మా అన్నయ్య అలా కనబడి ఇలా కట్టయిపోయాడు బాబూ. కాస్త పెంచు. ఆయన అలిగి కూర్చున్నాడు." దానికేం భాగ్యమన్నాను. మీ తోక పట్టుకుని టైమ్‌లైన్ మీద, అంటే ముక్కలు వరసగా పేర్చే పట్టీ మీద, లాగితే సరిపోతుంది కదా. లాగాను. రాలేదు. అక్కడున్నది మీరు కాదు. మా అసిస్టెంటు కుర్రాడు మధ్యలో రెండర్ చేసి, అంటే కట్ చేసినంత మేరా కొత్త ఫైలుగా తయారుచేసి, పెట్టిన ముక్క, పేరు 'ముహూర్తం ఫైనల్ 2 కొత్తది'. అసలు క్లిప్పు దగ్గరికి తీసుకెళ్లాల్సిన 'మ్యాచ్ ఫ్రేమ్' నొక్కినప్పుడల్లా ఆ ఉత్సవ విగ్రహం ముందుకే తీసుకెళ్లి నిలబెడుతోంది. మూలవిరాట్టు ఎక్కడుందో చెప్పదు.

పాత ప్రాజెక్టు తెరిస్తే మీ పేరు దొరికింది, మీరు లేరు. ఎర్ర తెర. మీడియా ఆఫ్‌లైన్, అంటే ఫైలు కనబడలేదు అని ఆ తెర మీద ఎన్నో భాషల్లో రాసి ఉంటుంది, తెలుగులో తప్ప. పోనీలెండి, తిట్టుకోవడానికైనా తెలుగు మిగిలింది. హార్డ్ డిస్కు మొన్నటిదాకా 'ఈ' డ్రైవు, నిన్న 'ఎఫ్' అయింది, పాత చిరునామా చెల్లలేదు. దాని ఇష్టం.

సరే, వెతుకుదామని సెర్చ్‌లో మీ నామధేయం కొట్టాను. నలభై ఒక్కమంది వచ్చారు. నలభై ఒక్కమందీ సీ0014 గార్లే! పెళ్లికి మూడు కెమెరాలు, ప్రతి కార్డూ ఫార్మాట్ చేయగానే ఒకటి నుంచి లెక్క మొదలు. ఇదేం పేరయ్యా? సందు మొగలో నిలబడి "సుబ్బారావూ" అని కేకేస్తే మహా అయితే ముగ్గురు తిరిగి చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం పేరు కలిస్తే చాలు. లింక్ చేయమన్నాను, చేసింది. వధూవరుల తలల మీద జీలకర్రా బెల్లం పెట్టాల్సిన చోట, ఇంకెవరి పెళ్లిలోదో భోజనాల బంతి, బకెట్‌లోంచి సాంబారు పోస్తున్న చెయ్యి. వెనక గట్టిమేళం మాత్రం మా పెళ్లిదే.

ఇక గారూ లేదు, గీరూ లేదు. ఒరేయ్ పద్నాలుగూ, మా గురువుగారు మద్రాసులో నెగటివ్ కటింగ్, అంటే ఎడిటింగ్ ప్రకారం అసలు ఫిల్మును కోసి అతికించే పని, చేసినవారు. ఫిల్ము అంచున అడుగుకో నంబరు, అడుగుకి 16 ఫ్రేములు. ఏ అడుగు నంబరు ఆ అడుగుదే. ఎడిటింగ్‌కి వాడే నకలు, అంటే వర్క్ ప్రింటు, మీద నంబరు చూసి, చేతికి తెల్ల గ్లవుజు తొడుక్కుని, డబ్బా తీసి నెగటివ్ ముక్క తెచ్చేవారు. ఆరు గంటలు పట్టలేదు ఆయనకి! ఇక్కడ నా దగ్గర ఎనిమిది టెరాబైట్లున్నాయి. నీ జాడ చెప్పే నాథుడు లేడు. (ఫైళ్లకి పేర్లు మార్చి పెట్టుకోవచ్చు కదా అని మా ఆవిడ కూడా అంది. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు స్నానానికే తీరిక లేదు.)

చివరికి దొరికావు. కుర్రాడి లాప్‌టాప్‌లో, 'న్యూ ఫోల్డర్'లో ఉన్న 'న్యూ ఫోల్డర్ 3'లో, వాడి బావ బైకు ఫోటోల పక్కన. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెరిచాను. కట్ దాటాక ఒక్క అర సెకను పెద్దాయన ఉన్నారు. అక్షింతలు వేయబోతూ చెయ్యెత్తారు. ఆ వెంటనే మన స్టిల్ ఫోటోగ్రాఫర్ వీపు అడ్డం వచ్చింది. నల్ల టీషర్టు మీద మన స్టూడియో పేరు, కింద ఫోన్ నంబరు. పన్నెండు సెకన్లు, కదలకుండా.

పెళ్లికూతురి నాన్నగారు ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

ఇట్లు,
ఆ రోజు అక్కడ ఎందుకు కట్ చేశాడో ఇప్పుడు గుర్తొచ్చిన
మీ ఎడిటర్