పాత క్లిప్ష్ హార్న్‌ల క్రాసోవర్ పీకేయమంటున్నవాళ్లకు

పాత హార్న్ స్పీకర్ల (బూరలాంటి గొట్టంతో శబ్దాన్ని పెద్దది చేసేవి) మీద మోజున్నవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. క్లిప్ష్‌హార్న్, లా స్కాలా లాంటి పాత క్లిప్ష్ స్పీకర్లలో ఉన్న క్రాసోవర్, అంటే బాస్, మధ్య, పై స్వరాలని విడగొట్టి వాటిని పలికే డ్రైవర్లకి విడివిడిగా పంపే నెట్‌వర్క్, ఆ రోజుల చవక సరుకట. ముప్పై ఏళ్లు దాటిన కెపాసిటర్లన్నీ చచ్చినట్టేనట. అందులో వోల్టేజీ తగ్గించే తీగచుట్టకి, అదే ఆటోట్రాన్స్‌ఫార్మర్‌కి, కాలం చెల్లిందట. అంతా పీకేసి ఖరీదైన కెపాసిటర్లతో స్టీప్ స్లోప్ నెట్‌వర్క్ (స్వరాలని నిట్టనిలువుగా కోసి విడగొట్టేది) వేస్తే స్పీకర్ అసలు సత్తా బయటపడుతుందట. ఇందులో పిసరంత నిజం ఉంది. దాన్ని చూపించి మిగతాదంతా నమ్మిస్తున్నారు. ఈ సలహా విని మంచి స్పీకర్లు పాడవుతున్నాయి కాబట్టి ఊరుకోబుద్ధి కావడం లేదు.

మొదటి మాట, చవక సరుకు అన్నది. పాల్ విల్బర్ క్లిప్ష్ 1946లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, హోప్ అనే చిన్న ఊళ్లో కంపెనీ పెట్టాడు. ఆయన టైప్ ఎ నెట్‌వర్క్‌లో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: బాస్ పలికే వూఫర్‌కి 2.5 మిల్లీహెన్రీల కాయిల్, మధ్య స్వరాల డ్రైవర్‌కి 13 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దాని వెనక ఆటోట్రాన్స్‌ఫార్మర్, పై స్వరాల ట్వీటర్‌కి 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఇంతే. భాగాలు తక్కువున్నంత మాత్రాన పిసినారితనం అనుకోకండి. ఒక్క వాట్‌కి 104 డెసిబెల్స్ పలుకుతుందని కంపెనీ చెప్పుకున్న స్పీకర్ క్లిప్ష్‌హార్న్. అడ్డుపడే ప్రతి భాగమూ కొంత తినేస్తుంది కాబట్టి అవసరమైనవే పెట్టాడు.

ఆటోట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మధ్య హార్న్ వూఫర్ కంటే గట్టిగా పలుకుతుంది, కాబట్టి దాన్ని తగ్గించాలి. క్లిప్ష్‌హార్న్‌లో మామూలుగా దాని వైరు ట్రాన్స్‌ఫార్మర్ మీది మైనస్ 3 డెసిబెల్స్ ట్యాప్‌కి, అంటే ఆ మేరకు తగ్గించే కొసకి, ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించి ఊరుకోదు, అటువైపున్న డ్రైవర్ ఇంపిడెన్స్‌ని (కరెంటుకి అది పెట్టే అడ్డుని) ఇటువైపు పెంచి చూపిస్తుంది. 3 డెసిబెల్స్ తగ్గిస్తే 16 ఓమ్‌ల డ్రైవర్ కెపాసిటర్‌కి 32 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఇప్పుడు 13 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 400 హెర్ట్జ్ దగ్గర ఎంత అడ్డు పెడుతుందో లెక్కేయండి: 30.6 ఓమ్‌లు. రెండూ దాదాపు సమానం. కటాఫ్, అంటే కింది స్వరాలు కోతపడే చోటు, 400 దగ్గరే పడింది. మధ్య హార్న్ పేరు కె-400 అని గుర్తుపెట్టుకుంటే, ఈ అంకెలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎంచుకున్నవని ఇట్టే తెలుస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి 16 ఓమ్‌ల ఎల్-ప్యాడ్ (నిరోధాలతో శబ్దం తగ్గించేది) పెట్టి, కెపాసిటర్‌ని అలాగే వదిలేశారనుకోండి. కటాఫ్ ఏకంగా 765 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది. మగవాళ్ల గొంతు నిండుగా ఉండే చోట గుంట పడుతుంది. ఆపైన, ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు ఏమీ వృథా చేయకుండా తగ్గించిన ఆ 3 డెసిబెల్స్ కోసం ఎల్-ప్యాడ్ సగం పవర్‌ని వేడిగా తగలేస్తుంది. ఇంకో ఉచిత సలహా ఉంది: మధ్య స్వరాలు గోలగా ఉంటే వైరుని మైనస్ 6 ట్యాప్‌కి మార్చమని. మార్చొచ్చు. కానీ అప్పుడు డ్రైవర్ 64 ఓమ్‌లుగా కనిపిస్తుంది, కటాఫ్ 191 హెర్ట్జ్‌కి జారుతుంది. ఆ హార్న్ మోయలేని కింది స్వరాలు దాని మీద పడతాయి. పల్చటి డయాఫ్రమ్ అనవసరంగా ఊగుతుంది. కెపాసిటర్‌ని కూడా 6.5 మైక్రోఫారడ్లకి తగ్గిస్తేనే ఆ మార్పు మార్పు. సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండో సగాన్ని మింగేస్తారు.

ఇక కెపాసిటర్లు. నిజం ఉన్నది ఇక్కడే. పాత నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్లు ఎండిపోతాయి, విలువ మారుతుంది, లోపలి నిరోధం అంటే ఈఎస్ఆర్ పెరుగుతుంది. క్లిప్ష్ వాడిన నూనె డబ్బా కెపాసిటర్లు వాటికంటే గట్టివి, అయినా సీలు పోతే అవీ చెడతాయి. చెడితే ట్వీటర్ మందగిస్తుంది. కానీ చెడిందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది, తయారైన సంవత్సరాన్ని బట్టి తీర్పు చెప్పేస్తే ఎలా? నెట్‌వర్క్ బిగించిన చెక్క పలకని బయటికి తీసి, కెపాసిటర్ ఒక కాలు విప్పి, దాని విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ పెట్టండి. కాలు విప్పకుండా కొలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కూడా లెక్కలోకి వచ్చి మీటర్ ఏదో ఒకటి చూపిస్తుంది. విలువ దారి తప్పినా, ఈఎస్ఆర్ పెరిగినా మార్చాల్సిందే. 13 మైక్రోఫారడ్లది దొరక్కపోతే 12, 1 పక్కపక్కన (పారలల్‌గా) కలిపితే సరి. విలువ సరిగ్గా ఉన్న మామూలు పాలీప్రొపిలీన్ కెపాసిటర్ ఆ పని పూర్తిగా చేస్తుంది. పది రెట్లు ధర పెట్టి కొంటే పది రెట్లు వినిపించేది ఏమీ ఉండదు. మార్చగానే పై స్వరాలు ఒక్కసారిగా పదునెక్కితే, కారణం అందులోని మహిమ కాదు, పాతదానిలో పెరిగిన నిరోధం పోవడం. పైగా ‘కొత్త భాగం కుదురుకోవడానికి బర్న్-ఇన్ కావాలి, వందల గంటలు వాయించండి’ అని చెప్తుంటారు. ఆ గంటల్లో అలవాటు పడేది చెవి.

నూనె డబ్బాల గురించి ఒక హెచ్చరిక: అమెరికా 1979లో నిషేధించిన పీసీబీ రసాయనం అంతకుముందటి డబ్బాల్లో ఉండొచ్చు. కోయకండి, రంధ్రం చేయకండి, కారితే ఒట్టి చేత్తో ముట్టుకోకండి, మామూలు చెత్తలో వేయకండి.

స్టీప్ స్లోప్ వాదనలో బలం లేకపోలేదు. రెండు డ్రైవర్లు కలిసి పలికే ప్రాంతం తగ్గితే వాటి మధ్య తగువూ తగ్గుతుంది. అయితే ‘టైమింగ్ సరైపోతుంది’ అనడం మాత్రం తప్పు. మడతలు పెట్టిన బాస్ హార్న్‌లో శబ్దం నడిచే దారి మధ్య హార్న్ కంటే చాలా పొడవు. 400 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు 86 సెంటీమీటర్లు. దారిలో మీటరు తేడా ఉంటే బాస్ ఒక పూర్తి తరంగం కంటే ఎక్కువే వెనకబడుతుంది. ఎన్ని కాయిల్స్ పేర్చినా ఈ తేడా పోదు. ముందొచ్చేదాన్ని డిజిటల్‌గా ఆలస్యం చేయడం ఒక్కటే దారి, దానికి బాస్‌కి ఒకటి, మిగతావాటికి ఒకటి, కనీసం రెండు ఆంప్లిఫయర్లు కావాలి. పైగా కొత్త నెట్‌వర్క్‌లో సన్న తీగతో చుట్టిన ఎయిర్ కోర్ కాయిల్ వూఫర్ దారిలో పడితే, అర ఓమ్ నిరోధానికే 4 ఓమ్‌ల వూఫర్ దాదాపు ఒక డెసిబెల్ పోగొట్టుకుంటుంది.

క్లిప్ష్‌దే మరో నెట్‌వర్క్, టైప్ ఎఎలో ఉన్న జీనర్ డయోడ్లని పీకేయమనడం మరీ అన్యాయం. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల జోరుకి ట్వీటర్లు కాలిపోకుండా పెట్టిన కాపలా అది. వోల్టేజీ హద్దు దాటితే తప్ప అవి పనిలోకి దిగవు. మామూలు శబ్దంలో వాటివల్ల స్వరం పాడవుతుందంటే నేను నమ్మను.

డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే స్పీకర్ వెనక్కి వెళ్లి చూడండి. టెర్మినల్ స్క్రూలు నల్లబడి, వదులై ఉంటాయి. విప్పి, గీకి, బిగించండి. క్లిప్ష్‌హార్న్‌కైతే గది మూల కూడా బాస్ హార్న్‌లో భాగమే. క్యాబినెట్ అంచుకీ గోడకీ మధ్య సందు ఉంటే బాస్ అక్కడే కారిపోతుంది, ఎంత ఖరీదైన కెపాసిటరూ దాన్ని వెనక్కి తేలేదు. ఆ అంచు పొడవునా మెత్తటి ఫోమ్ టేప్ అంటించి, స్పీకర్‌ని మూలలోకి ఆనించి, మీకు బాగా తెలిసిన పాట పెట్టి వినండి. కెపాసిటర్ల సంగతి ఆ తర్వాత, మీటర్ చేతిలో పెట్టుకుని చూద్దురుగాని.