పద్నాలుగు మంది, ఒక బాణం గుర్తు

బెంగళూరులో మా పేటలో మొన్న జరిగిన కమ్యూనిటీ డిజైన్ ఉత్సవంలో, టాయిలెట్ ఎటువైపుందో చెప్పే బోర్డు కోసం 14 మంది వాలంటీర్లు 19 రోజులు శ్రమించారు. ఆ బోర్డు చూసి టాయిలెట్‌కి చేరినవారు ఎవరైనా ఉంటే దయచేసి నాకు కనబడండి, శాలువా కప్పుతాను. శాలువా ఖర్చు నాదే. కమిటీ దగ్గర శాలువాలకు బడ్జెట్ లేక కాదు, అవి వక్తలకి.

ఆ 14 మందిలో నేనూ ఒకణ్ణి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో "తెలుగు తెలిసినవాళ్లు కావలెను" అని పెడితే, తెలుగు తెలియడం కూడా ఒక అర్హతేనన్న మాట ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి విని, పొంగిపోయి చెయ్యెత్తాను. మర్నాటికి మూడు గ్రూపుల్లో చేర్చారు. ఒకటి పనులకి, ఒకటి "వైబ్"కి, మూడోది మొదటి రెండింట్లో ఏం మాట్లాడకూడదో చెప్పడానికి. అందులో సగం మంది మనవాళ్లే. అనంతపురం, చిత్తూరు, నెల్లూరు. అయినా గ్రూపులో ఒక్క తెలుగు ముక్క ఉండదు. ఫోన్ చేస్తే మాత్రం "అంకుల్, తిన్నారా?" అని మొదలుపెడతారు.

రెండు దశాబ్దాలుగా ఈ ఊళ్లోనే జనవరిలో కుమారకృపా రోడ్డు మీద చిత్రకళా పరిషత్తు వాళ్లు చిత్రసంతె పెడుతున్నారు. రోడ్డు పొడవునా బొమ్మలు, గీసినవాడు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. నచ్చితే బేరమాడి కొంటాం, లేకపోతే మసాలా మొక్కజొన్న తిని ఇంటికొస్తాం. దాన్ని "అనుభవాల సహసృష్టి" అని ఎవరూ అనగా నేను వినలేదు. మా ఉత్సవం కరపత్రంలో మొదటి వాక్యమే అది.

నాకిచ్చిన మొదటి పని స్వాగతం బోర్డులో తెలుగు. రాసిచ్చాను. ముద్రణై వచ్చాక చూస్తే "స్ వాగతం" అని ఉంది. ఒత్తు వెళ్లి పక్కింట్లో కూర్చుంది. కన్నడంలోనూ అదే గతి. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మన లిపుల కోసం ఒక సెట్టింగ్ ఉంటుంది, అది మార్చకపోతే ఒత్తులూ గుణింతాలూ ఇలా రాలిపోతాయి. మార్చడానికి అర నిమిషం పట్టదు. ఖతులకా కొదవ? గురజాడ, గిడుగు, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా పడి ఉన్నాయి. ధూర్జటే ఊరికే వస్తానంటుంటే పిలిచి కూర్చోబెట్టే నాథుడు లేడు. ఇదే మాట చెప్పాను. "డీకన్‌స్ట్రక్టెడ్‌గా బాగుంది అంకుల్, ఉంచేద్దాం" అన్నారు. నా భాష విరిగిపోవడం ఒక శైలి అని ఆ రోజు తెలుసుకున్నాను.

సరే, బాణం సంగతికొద్దాం.

ఆదివారం పొద్దున పది గంటలకు ఇందిరానగర్‌లో మీటింగు. బల్ల మీద నాలుగు రంగుల స్టిక్కీ నోట్లు. వీటి పుట్టుక మీకు తెలిసే ఉంటుంది. 1968లో 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త గట్టి జిగురు చేయబోతే అంటీ అంటని జిగురు తయారైంది. దాన్ని ఎందుకు వాడాలో తెలియక ఏళ్లు గడిచాక, 1980లో అమెరికా అంతటా కాగితాల వెనక రాసి అమ్మారు. మా కోర్ టీం స్వభావం సరిగ్గా ఆ జిగురే. ప్రతి పనికీ కాస్త అంటుకుంటారు, లాగితే మరక కూడా మిగలదు.

"ముందు మనం రమేశ్‌ని అర్థం చేసుకోవాలి" అంది మీటింగు నడిపే అమ్మాయి. రమేశ్ ఎవరు? ఎవరూ కాదు. 34 ఏళ్లు, ఫిల్టర్ కాఫీ ఇష్టం, సైకిలు తొక్కుతాడు, ఊహాజనితుడు. రమేశ్‌కి ఉత్సవంలో టాయిలెట్ అవసరం పడుతుంది. ఆ క్షణంలో రమేశ్ మనసులో ఏముంటుంది? అందరూ రాశారు. ఆందోళన. ఒంటరితనం. "నేను ఇక్కడివాడినేనా?" అని ఒకరు. గోడ నిండిపోయింది. తర్వాత ఆందోళన, అన్వేషణ, ఉపశమనం అని రమేశ్ ప్రయాణాన్ని మూడు అంకాలు చేశారు. అన్వేషణ ఘట్టం మీదే గంటంబావు గడిచింది.

"రమేశ్‌కి వచ్చేసిందమ్మా, ఒక బాణం వేసేద్దాం" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. చివరికి గడ్డం కుర్రాడొకడు, చాలా ఓపికగా, ఆసుపత్రిలో ముసలివాళ్లతో మాట్లాడే గొంతుతో అన్నాడు: "బాణం ఆజ్ఞాపిస్తుంది అంకుల్. మనం ఆహ్వానించాలి."

ఇంకొకరు బాణంలో హింస ఉందన్నారు. రామాయణ భారతాల మీద పెరిగిన మనిషిని, ఆ మాట కాదనలేకపోయాను. పోనీ ఆడ, మగ బొమ్మలు వేద్దామన్నాను. అవి గాల్లోంచి ఊడిపడలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి జపనీసు చదవలేని ప్రపంచమంతా వస్తుందని, కట్సుమి మసారు అనే ఆయన నాయకత్వంలో జపాను డిజైనర్లు కూర్చుని ఆటలకీ సౌకర్యాలకీ బొమ్మల గుర్తులు గీశారు. 1974లో అమెరికా రవాణా శాఖ కోసం రోజర్ కుక్, డాన్ షానోస్కీ అనే ఇద్దరు 34 గుర్తులు గీశారు. వాటిని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. అవి చూసి చదువురానివాళ్లు కూడా ఏ విమానాశ్రయంలోనైనా దారి కనుక్కుంటున్నారు. ఇద్దరు మనుషులు, 34 గుర్తులు. మేం 14 మందిమి, ఒక గుర్తు.

"అది వాళ్ల కథ అంకుల్. మన కథ చెప్పాలి."

టాయిలెట్‌కి కథేమిట్రా నాయనా అని అడగబోయి మానుకున్నాను, అప్పటికే నన్ను "పాతతరం దృక్పథం" అని ఒక పసుపుపచ్చ నోటు మీద రాసి గోడకి అంటించేశారు. తర్వాతి ఆదివారం రంగు మీద మీటింగు. కనకాంబరమా, మామిడిచిగురా? ఆ తర్వాతి వారం మాట మీద. "టాయిలెట్" అంటే మొరటు, "రెస్ట్‌రూమ్" అంటే కార్పొరేటు. చివరికి ఏకగ్రీవంగా ఎన్నికైన మాట "శ్వాస". ఒక సున్నా, సున్నాలో ఒక నీటిచుక్క, కింద ఒక అలల గీత, ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో "శ్వాస". అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఆ పాపంలో నాకూ భాగముంది.

ఉత్సవం రోజు పదకొండింటికి మొదటి ఉపన్యాసం. విషయం చెంబు. నవ్వకండి. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్ల్స్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు వచ్చి, దేశం తిరిగి, ఒక నివేదిక రాశారు. మూడేళ్లకి అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి పునాది అదే. అందులో వాళ్లు ఈ దేశంలో చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పదిగా మెచ్చుకున్నది మన చెంబునే. ఎన్ని నీళ్లు పట్టాలి, ఏ చెయ్యి పట్టుకుంటుంది, నెత్తిన మోస్తారా చంకన మోస్తారా, వంచితే బరువు ఎటు ఒరుగుతుంది, ఇవన్నీ ఏ ఒక్కడో కూర్చుని లెక్కలేసింది కాదని, తరతరాల జనం చేతుల్లో అరిగి అరిగి ఆ రూపం వచ్చిందని వాళ్ల మాట. నిజంగా గొప్ప మాట. వక్త నలభై నిమిషాలు చెప్పాడు. తెర మీద ఇత్తడి చెంబు తళతళలాడింది. నాకూ మా నాయనమ్మ చెంబు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

అటునుంచటే "శ్వాస"కి వెళ్లాను. లోపల చెంబు లేదు. మగ్గు లేదు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పేరు సార్థకమైంది.

బయట అప్పటికే గందరగోళం. ఇద్దరు యువతులు అది ధ్యానం గది అనుకుని చెప్పులు విడిచి లోపలికెళ్లి, నిజంగానే ముక్కు మూసుకుని బయటికొచ్చారు. మిగతా జనం సున్నాలోని చుక్కని చూసి మంచినీళ్లనుకుని సీసాలు పట్టుకుని వరస కట్టారు. అప్పుడొచ్చింది అవ్వ. మా వాలంటీర్లలో హిందూపురం అమ్మాయి ఒకతె ఉంది, డిజైన్ డిప్లొమా చదువుతోంది. మనవరాలు ఏదో పెద్ద పండగ చేస్తోందట, చూసి వద్దామని పొద్దున రైలెక్కి వచ్చింది అవ్వ. బోర్డు ముందు నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, నన్నడిగింది:

"ఏంది నాయనా ఇది, ఆస్పత్రా? ఒంటికి పోయేది యాడ?"

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు విన్నాడు. మదనపల్లె మనిషి. కుర్చీలోంచి లేచి, నీళ్ల సీసాలొచ్చిన అట్టపెట్టె రేకు ఒకటి చింపాడు. రిజిస్ట్రేషన్ బల్ల మీద మార్కర్ తీసుకుని "టాయిలెట్ ఈ పక్క" అని రాశాడు. కింద కన్నడంలో "శౌచాలయ". కింద బాణం. లావుపాటి, మొండి, ఆజ్ఞాపించే బాణం. తాడుతో స్తంభానికి కట్టాడు. నేను గడియారం చూశాను, మూడు నిమిషాలు. అక్షరాల్లో ఒక్క ఒత్తు చెదరలేదు. అవ్వ చదువుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే వక్త. రమేశ్ ఉండి ఉంటే రమేశ్ కూడా వెళ్లేవాడు.

ఉత్సవమంతట్లో జరిగిన డిజైన్ అదొక్కటే. తరతరాలక్కర్లేదు, పక్కనున్న ముసలామెకి ఏం కావాలో వినపడితే చాలు.

పావుగంటలో కోర్ టీం పెద్దమనిషి వచ్చి ఆ అట్ట పీకేశాడు. ఫొటోగ్రాఫరు వస్తున్నాడట, "విజువల్ ఐడెంటిటీ" చెడిపోతోందట. పీకి ఊరుకోలేదు. ఇంత వయసొచ్చిన గార్డుని పదిమంది ముందు నిలబెట్టి, ఎవరినడిగి పెట్టావయ్యా అని మందలించాడు. అతను "తప్పయింది సార్" అన్నాడు. ఏం తప్పు? ఎవరిది తప్పు? చెంబు మీద చప్పట్లు కొట్టిన ఆ చేతులతోనే, చెంబు చేసినవాడిలాంటి మనిషి చేసిన వస్తువుని చింపబోయారే, తప్పు మీకు ఎక్కడ కనబడింది?

ఇక వేళాకోళం నావల్ల కాదు. షామియానా అతను సగం అడ్వాన్సు చేతిలో పడేదాకా ఒక్క గుంజ పాతలేదు. మంచి పని చేశాడు. జనరేటరు అతను డీజిలు డబ్బులు ముందే తీసుకున్నాడు. వక్తలకి విమానం టిక్కెట్లు. హిందూపురం అమ్మాయి నెలన్నర పాటు రాత్రిళ్లు మేలుకుని పోస్టర్లు చేసింది, ఒక్కోటి ఆరేడుసార్లు మార్పించారు. బయట ఏ చిన్న దుకాణం చేసినా ఆ పనికి బిల్లు వేసేది. ఆమెకిచ్చింది "ఎక్స్‌పోజర్". ఉత్సవం రోజు మధ్యాహ్నం భోజనం కూపన్లు అయిపోయాయన్నారు. వక్తల బల్ల మీద మూతలు తీయని డబ్బాలు నాలుగు నేను కళ్లారా చూశాను. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని అవ్వ తెచ్చిన నిప్పట్లు తింది. మా ఊళ్లో శ్రీరామనవమి పందిరి వేసిన కుర్రాళ్లకీ జీతాలివ్వరు. కానీ పానకం, వడపప్పు వాళ్ల చేతుల్లో పడ్డాకే ప్రెసిడెంటుకైనా.

రాత్రి పదిన్నరకి కోర్ టీం పార్టీకని కార్లెక్కి వెళ్లిపోయింది. కుర్చీలు పేర్చడానికి మిగిలింది అయిదుగురు విద్యార్థులు, ఒక గార్డు, నేను. మెట్రో తప్పిపోయింది. అవ్వనీ మనవరాలినీ ఆటోలో కేఆర్‌పురం పీజీ దాకా దింపొచ్చాను. దారిలో అవ్వ ఒకే ప్రశ్న అడిగింది: "ఎంతిచ్చినారు పాపా?" పాప కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. పిల్లలు ఇష్టపడి వచ్చారు గనక చట్టం లెక్కలో ఇది వెట్టి కాదని నాకూ తెలుసు. వెట్టి చేసేవాడి మెడలో రంగుల ట్యాగు ఉండదనీ తెలుసు. కానీ డబ్బున్న చోటల్లా డబ్బిచ్చి, కుర్రతనం ఉన్న చోట మాత్రం "సేవ" అని చెప్పి రాత్రి పదిన్నరకి నడిరోడ్డు మీద వదిలేసినదాన్ని ఇంకే పేరు పెట్టి పిలవమంటారు? ఆ పేరు కూడా స్టిక్కీ నోట్ల మీద రాసి ఓటింగు పెడతారా?

పది రోజులకి సర్టిఫికెట్లొచ్చాయి, వాట్సాప్‌లో. నాది సరిగ్గానే ఉంది. ఆ అమ్మాయి పేరులో ఒత్తు ఊడి పక్కన పడింది. మార్చమని గ్రూపులో అడిగింది. ఎవరో బొటనవేలు గుర్తు పెట్టారు. ఇంతవరకు మార్చలేదు.

నిన్న అటు వెళ్తూ గేటు దగ్గర ఆగాను. ఆ అట్ట ఏం చేశావన్నా అని అడిగాను. కుర్చీ కిందకి వంగి తీసి చూపించాడు, తాడుతో సహా భద్రంగా మడిచి ఉంది.

"పారేస్తే ఎట్ల సార్? వచ్చే ఏడు మళ్లీ చేస్తారంట గదా."