సవరణ: మెట్రో మిర్రర్ ఉంటే డేటా పోదన్న మాట

మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల రిమోట్ కాపీ గురించి మొన్న రాసిన పోస్టులో "మెట్రో మిర్రర్ (రాసిన ప్రతిదాన్నీ వెంటనే అవతలి సైట్ డిస్కుకూ రాసే ఐబీఎం కాపీ పద్ధతి) ఉంటే ఏం జరిగినా ఒక్క రికార్డు కూడా పోదు" అన్నాను. అది తప్పు. ఐబీఎం మాన్యువల్స్‌లో ఉన్నది వేరు.

రెండు సైట్ల మధ్య లింకు బాగున్నంత వరకు ఆ మాట నిజమే. అవతలి డిస్కుకు అందిందని కబురు వచ్చాకే ఇవతలి రైట్ (డిస్కు మీద రాయడం) పూర్తవుతుంది. (దూరంతో రెస్పాన్స్ టైమ్ పెరిగేది అందుకే, 100 కిలోమీటర్ల ఫైబర్‌లో వెళ్లి రావడానికే దాదాపు 1 మిల్లీసెకను.) చిక్కంతా లింకు తెగినప్పుడు. కాపీ సస్పెండ్ అవుతుంది, ఆ పైన ఏం జరగాలన్నది మనం ముందే పెట్టుకున్న పాలసీని బట్టి ఉంటుంది. జీడీపీఎస్‌లో (ఈ కాపీని అదుపులో పెట్టే ఐబీఎం సాఫ్ట్‌వేర్) ఫ్రీజ్ అంటే అన్ని డిస్కుల కాపీనీ ఒకే క్షణంలో ఆపడం. ఫ్రీజ్ అండ్ స్టాప్ పెడితే ప్రొడక్షన్ ఆగుతుంది, డేటా మాత్రం పోదు. ఫ్రీజ్ అండ్ గో పెడితే పని సాగుతుంది కానీ, అక్కడి నుంచి రాసినదేదీ అవతలికి చేరదు. కాసేపటికి ప్రైమరీ సైటే పడిపోతే అదంతా పోయినట్టే. లింకు తెగిందని ప్రొడక్షన్ ఆపమనే ధైర్యం ఎంతమంది మేనేజర్లకు ఉంటుందో మీకే తెలుసు.

అసలు ఫ్రీజే లేకపోతే ఇంకా టెన్షన్: ఒక్కో వాల్యూమ్ (డిస్కు) కాపీ ఒక్కో క్షణంలో ఆగి, డీబీ2 (ఐబీఎం డేటాబేస్) లాగ్‌కీ, అంటే మార్పుల చిట్టాకీ, డేటా ఉండే టేబుల్‌స్పేస్‌కీ పొంతన కుదరదు.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. ఎక్స్‌ఆర్‌సీ (ఇవతలి రైట్‌ను ఆపకుండా, కాస్త ఆలస్యంగా అవతలికి చేర్చే కాపీ పద్ధతి) భాగంలో మార్పేమీ లేదు.