సింకింగ్ లూర్, గ్రాముల పిచ్చి

సింకింగ్ స్టిక్‌బెయిట్, అంటే నీళ్లలో మునిగే కర్రలాంటి చేప బొమ్మ ఎర (లూర్), కొనేటప్పుడు మనవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్ని గ్రాములు బ్రో?", రెండోది "ఎంత దూరం పడుద్ది?". అంతటితో బేరం అయిపోతుంది. సెకనుకి ఎంత లోతు దిగుతుంది, దిగేటప్పుడు అడ్డంగా ఉంటుందా, తోక కిందికి వేలాడేస్తుందా అని అడిగేవాడు అరుదు. అమ్మేవాళ్లకీ ఇది బాగానే కలిసొచ్చింది. డబ్బా మీద బరువు, పొడవు, రంగుకో ఫ్యాన్సీ పేరు ఉంటాయి. దిగే వేగం చాలామంది అచ్చేయరు. అచ్చేసినా ఏ హుక్కులు తగిలించి కొలిచారో చెప్పరు. వంజరం పట్టాలన్నా, పార పట్టాలన్నా, సూర పట్టాలన్నా మనకి కావాల్సింది ఆ లెక్కే.

ఒక బాడీ తీసుకుందాం. పొడవు 160 మిల్లీమీటర్లు, నడుం దగ్గర మందం 30, రెండు కొసలా సన్నబడుతుంది. అది సుమారు 62 సీసీల నీళ్లని పక్కకి నెడుతుంది. మన బంగాళాఖాతంలో వెచ్చటి ఉప్పునీళ్లు లీటరు 1020 గ్రాములు తూగుతాయనుకుంటే బాడీని 63 గ్రాములు, హుక్కులు, రింగులతో కలిపి మొత్తం 66 గ్రాముల దాకా నీళ్లే మోస్తాయి. లూర్ 80 గ్రాములుంటే మిగిలేది 14. కిందికి దించేది ఆ 14 గ్రాములే. అడ్డంగా పడుకుని దిగితే సెకనుకి 25 నుంచి 30 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఇంకో 10 గ్రాముల సీసం కలిపారనుకోండి. వేగం మూడో వంతు కూడా పెరగదు. నీటి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, రెట్టింపు వేగం కావాలంటే మిగులు బరువు నాలుగింతలు కావాలి, అంటే 14 పోయి 56. లూర్ 122 గ్రాములవుతుంది. అదే 80 గ్రాముల లూర్‌ని తోక కిందికి నిటారుగా దిగేలా చేస్తే మాత్రం, గ్రాము కలపకుండానే వేగం మూడు నాలుగింతలవుతుంది. కానీ అప్పుడది మేకులా దిగుతుంది. దిగేటప్పుడు పక్కలకి ఊగడం, కడుపు తెల్లగా మెరవడం ఉండవు. పడుతున్నప్పుడు చేప కొట్టేదే ఆ ఊపుని చూసి.

అందుకే సీసం ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముందు తేల్చుకోవాలి. సీసమంతా నడుం కింద ఒకేచోట కుదిస్తే బాడీ చురుగ్గా తిరుగుతుంది, చిన్న లాగుడుకే అటూ ఇటూ ఊగుతుంది. అదే బరువుని ముందుకీ వెనక్కీ పంచితే తిరగడం బద్ధకమై, లాగినప్పుడు పొడవుగా జారుతూ పోతుంది. కడుపు అంచుకి దించితే నిలకడ పెరిగి పక్కకి దొర్లడం తగ్గుతుంది. మధ్య గీతకి దగ్గరగా పెడితే బాగా దొర్లుతుంది గానీ, స్పీడుగా చుట్టితే బోల్తా పడి గిరగిరా తిరుగుతుంది. దాంతో బ్రెయిడ్ (అల్లిన లైన్) మెలిపడుతుంది. జారుడు స్టిక్‌బెయిట్‌కి తోక పదిహేను డిగ్రీలు కిందికి ఉంటే చాలు: విసిరితే గాల్లో తిన్నగా పోతుంది, నీళ్లలో ఊపూ పోదు.

చెక్క సంగతి. టేకుతో ఆ బాడీ 40 గ్రాములు తూగుతుంది. తీగ 3, రెండు సింగిల్ (ఒకే కొన ఉన్న) హుక్కులు 16, రింగులు 3, రంగు, ఎపాక్సీ 5. సీసానికి మిగిలేది 13 గ్రాములే, ఆ కాస్తతో కిందికి బరువు తేలేం. గుమ్మడి టేకు లాంటి తేలిక చెక్కయితే బాడీ 28 గ్రాములకి వస్తుంది, 25 గ్రాముల సీసం కడుపులో పెట్టొచ్చు. మొత్తం అదే 80, నడకలో పోలికే ఉండదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఇంకా తేలిక, చెక్కడం కూడా సులువు. కాకపోతే మెత్తన, జీటీ (జెయింట్ ట్రెవల్లీ, పెద్ద జాతి పార) దవడల కింద నొక్కుకుపోతుంది, ఒక్క పగులు దొరికితే నీళ్లు తాగుతుంది. దానితో చేస్తే పైపూత రెండింతలు వేయండి. ఒకే జాతి చెక్క కూడా ముక్కకో బరువు ఉంటుంది కాబట్టి ప్రతి బాడీనీ తూచి తీరాలి.

లైన్, హుక్కులు తగిలించే కళ్లకి కొక్కెం స్క్రూలు బిగించి సముద్రంలోకి తీసుకెళ్లకండి. కడుపు వైపు నుంచి మధ్యదాకా 2 మిల్లీమీటర్ల గాడి కోసి, ముక్కు నుంచి తోక దాకా ఒకే తీగ పోనివ్వాలి: 1.6 మిల్లీమీటర్ల 316 గ్రేడు స్టెయిన్‌లెస్. రెండు కొసల్లోనూ కన్ను చుట్టాక కనీసం నాలుగు చుట్లు బిగించాలి. కడుపు హుక్కుకి తిరిగే లోహపు కీలు లాంటి ఒక బ్యారెల్ స్వివెల్‌ని తీగ మీదకి ఎక్కించి బయటికి వదిలేయండి. తీగకి కింద 10 మిల్లీమీటర్ల బిట్‌తో, 10 మిల్లీమీటర్ల లోతున మూడు గుంతలు తీస్తే 25 గ్రాముల పైచిలుకు సీసం పడుతుంది. కరిగిన సీసాన్ని నేరుగా చెక్కలో పోసే వీడియోలు చూసి మోసపోవద్దు. చెక్కలో తడి ఆవిరై సీసం మొహం మీదకి చిందుతుంది. విడిగా బిళ్లలు పోసుకుని ఎపాక్సీతో అతికించండి. పోసేది ఆరుబయట, వంటగదిలో కాదు.

గుంతలు తీయకముందే బ్యాలెన్స్ చూడాలి. బాడీకి ఒక పూత సీలర్ వేసి, వాడబోయే హుక్కులు, రింగులు తగిలించి, సీసం బిళ్లల్ని కడుపుకి ఇన్సులేషన్ టేపుతో చుట్టి నీళ్లలో వదలండి. ఐదేసి మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ జరుపుతూ పోతే కుదురుతుంది. ఒక మెలిక ఉంది: బయట ఉన్న సీసం తన వంతు నీళ్లని కూడా నెడుతుంది. లోపలికి పోయాక ఆ తేలుడు ఉండదు, తీసేసిన చెక్క బరువూ పోతుంది. 25 గ్రాములకి నికరంగా గ్రాము పైన ఎక్కువ మునుగుతుంది. బరువు కాస్త పైకి కూడా జరుగుతుంది కాబట్టి దొర్లడం పెరుగుతుంది.

బకెట్లో కుళాయి నీళ్లు పోసి పరీక్షించేవాళ్లకి ఓ మాట. ఈ సైజు లూర్‌కి మంచినీళ్లకీ సముద్రానికీ ఒకటిన్నర గ్రాము తేడా ఉంటుంది. 14 గ్రాముల మిగులున్న లూర్‌కి ఇది పెద్ద విషయం కాదు. నెమ్మదిగా తేలియాడుతూ దిగాల్సిన లూర్ అయితే మాత్రం బకెట్లో మునిగి, సముద్రంలో తేలుతుంది. 200 లీటర్ల నీలం డ్రమ్ములో ఆరున్నర, ఏడు కిలోల కల్లుప్పు కరిగించుకోండి. లూర్‌ని నీటి లోపలే పట్టుకుని వదిలి, ఫోన్‌లో వీడియో తీసి, చివరి అర మీటరుకి పట్టిన టైమే లెక్కేయండి. మొదట్లో వేగం ఇంకా పుంజుకోదు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. పైన నీలమో ఆకుపచ్చో, కింద వెండి, కవళ్లు (చిన్న వెండి రంగు ఎర చేపలు) తిరిగే చోట చాలు. త్రీడీ కళ్లు అంటించకపోతే చేప అలిగి వెళ్లిపోదు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది కదా, పూతల పని ఎండలున్నప్పుడే ముగించుకోండి. వానగాలిలో ఎపాక్సీ పోస్తే తెల్లగా మసకేసి జిడ్డుగా మిగులుతుంది.

ఇక వేట. సింకింగ్ స్టిక్‌బెయిట్ పైన ఐదారు మీటర్ల నీటికి పనిముట్టు. సెకనుకి 28 సెంటీమీటర్ల చొప్పున పది మీటర్లు దిగాలంటే 35 సెకన్ల పైనే. ఆ లోపు ఒక నాట్ (సెకనుకి సుమారు అర మీటరు) వేగంతో కొట్టుకుపోయే బోటు 18 మీటర్లు జరుగుతుంది. అంత లోతులో చేప ఉంటే మెటల్ జిగ్ (బరువైన లోహపు ఎర) కట్టండి, పంతానికి పోవద్దు. దింపేటప్పుడు రీలు మీది తీగ చట్రం (బెయిల్) మూసి లైన్ బిగబట్టకండి; లూర్ తిన్నగా దిగకుండా మీవైపు ఒంపు తిరిగి వచ్చేస్తుంది. బెయిల్ తెరిచి, లైన్‌ని వేలితో తాకుతూ అంకెలు లెక్కపెట్టండి. ఇరవైకి ఆగాల్సిన లైన్ పన్నెండుకే ఆగినా, ఉన్నట్టుండి వదులైనా, అది చేపే. బిగుతు వచ్చేదాకా గబగబా చుట్టి అప్పుడు హుక్కు దిగేలా రాడ్ లాగి కొట్టండి.

లాగడంలో అందరూ చేసే తప్పు, ఒకటే స్పీడుతో మోటారులా చుట్టడం. రాడ్ కొన నీటివైపు దించి, పక్కకి మీటరు లాగి, ఆ మీటరు లైన్ మాత్రమే చుట్టుకుంటూ కొనని వెనక్కి తేవాలి. ఆ రెండు సెకన్లలోనే లూర్ ఊగుతూ పడుతుంది. సూర గుంపు మీద మాత్రం ఆగకుండా వేగంగా లాగండి. వంజరానికి వైరు తప్పదు, కానీ లావు వైరు, లూర్‌ని తగిలించే పెద్ద స్నాప్ కడితే ముక్కు బరువెక్కి ఊపు చచ్చిపోతుంది. 40 నుంచి 60 పౌండ్ల మెత్తటి ఏడు పోగుల వైరు 20 సెంటీమీటర్లు చాలు. వంజరం కోసమే చేసే లూర్‌కి సీసాన్ని ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరిపేస్తే ఆ బరువు సర్దుకుంటుంది. అది తోకనే కొరుకుతుంది కాబట్టి వెనక హుక్కు తప్పనిసరి. జీటీకి లైన్ కొసన కట్టే లావు లీడర్‌ని అతుకు లేని సాలిడ్ రింగుకి కట్టండి, తెరుచుకునే స్ప్లిట్ రింగుకి కాదు; హుక్కు ముళ్లు నొక్కేస్తే చేపని తిరిగి వదలడం సులువు.

కొన్న లూర్‌కి ట్రెబుల్స్ (మూడు కొనల హుక్కులు) తీసి సింగిల్స్ వేసేవాళ్లు ముందు రెండింటినీ తూచండి. తోక దగ్గర నాలుగు గ్రాములు తగ్గితే దిగే కోణమే మారిపోతుంది. తేడా వస్తే లావు రింగో, హుక్కు కాడకి సీసం తీగో చుట్టి సరిచేసి, డ్రమ్ములో మళ్లీ కొలిచి, సెకనుకి ఎన్ని సెంటీమీటర్లో పర్మనెంట్ మార్కర్‌తో కడుపు మీద రాసుకోండి.