గేటు పోయింది, గుంట మిగిలింది

రెండు గంటల వాన పడితే చాలు, రైలు కట్ట కింది దారి చెరువైపోతోంది. ఒడిశా సరిహద్దు పల్లెల్లో ఈ వానాకాలమూ అదే తంతు. బైకు ఆగిపోయినవాడు మోకాలి లోతు నీళ్లలో దాన్ని తోసుకుంటూ గోడవార నడుస్తున్నాడు. నెత్తిమీద రైలు హాయిగా పోతోంది.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొట్టాక, కాపలా లేని గేట్లు ఉండకూడదన్న మాటకు ఎదురు చెప్పినవారు లేరు. 2019 జనవరి నెలాఖరుకు బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాలపై అలాంటి గేట్ల లెక్క సున్నాకు చేరిందని రైల్వే చెప్పుకుంది. ప్రాణాలు నిలిచాయి, కాదనం. మా పేచీ ఆ సున్నాతోనే.

గేటు తీసేసిన చోట కట్ట కింద దారి వేసే పని ఎలా చేస్తారో తెలిసిందే. కొన్ని గంటలు రైళ్లు ఆపి (దాన్నే బ్లాకు అంటారు), పట్టాలు విప్పి, కట్ట తవ్వి, ముందే పోసి ఉంచిన కాంక్రీటు పెట్టెలను క్రేనుతో వరసగా దించుతారు. రైలు మళ్లీ కదిలిందంటే వాళ్ల లెక్కలో పని పూర్తయినట్టే. కట్ట ఎత్తు తక్కువున్న చోట పెట్టె అడుగు పొలం మట్టం కన్నా కిందికి దిగిపోతుంది. ఇక నీరు దానంతట అది బయటికి పోయే దారే లేదు. పొలాల్లోంచి వచ్చేదీ, రోడ్డు వాలున జారేదీ, పెట్టెల అతుకుల్లోంచి ఊరేదీ అక్కడే నిలుస్తుంది. వాలు మొదట్లో రోడ్డుకడ్డంగా చిన్న మిట్ట, దాన్ని ఆనుకుని ఇనప జాలీ వేసిన అడ్డకాలువ, వాలుపైన రేకుల కప్పు, అడుగున సంపు, మోటారు ఉండాలి. మోటారుంటే సరిపోదు. గాలివానకు ముందు పోయేది కరెంటే కాబట్టి డీజిల్ పంపు, దాన్ని తిప్పే మనిషీ కావాలి. మనిషి లేని గేటు ప్రమాదమని తీసేసి, మనిషి లేని పంపు పెట్టారు!

నీళ్లు నిండితే జనం ఏం చేస్తారు? కట్టెక్కి, సైకిలు భుజాన వేసుకుని, కంకర మీద తడబడుతూ పట్టాలు దాటతారు. గేటుతోపాటే ఈల వేయమని డ్రైవరుకు చెప్పే పసుపు బోర్డూ పోయింది. అంటే తీసేశామన్న గేటు ఏ హెచ్చరికా లేకుండా మళ్లీ పుట్టింది. లెక్కలో మాత్రం సున్నా.

నీళ్లు తోడటం స్థానిక సంస్థల బాధ్యత అన్న వాదన ఉంది. పెట్టె రైల్వేది, దారి పంచాయతీది, మరి నీళ్లెవరివి? ఇప్పుడు దీనికి కొత్త చిక్కొకటి. 2025 ఫిబ్రవరి నాటి కేబినెట్ నిర్ణయం ప్రకారం ఈ సరిహద్దు పల్లెల మీదుగా పోయే నౌపడ (శ్రీకాకుళం జిల్లా)–గుణుపురం (ఒడిశా) మార్గం 90 కిలోమీటర్లూ ఒకరి చేతిలో ఉండదు. పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్‌కు, అక్కడినుంచి గుణుపురం దాకా రాయగడ డివిజన్‌కు. జోన్లూ వేరే. ఫిర్యాదు ఏ కార్యాలయానికి మోసుకెళ్లాలో రైతు వెతుక్కునేలోగా నాట్లు అయిపోతాయి.

గేటు ఎత్తేసిన రోజు వరసగా నిలబడి ఫొటోలు దిగిన పెద్దలారా, పెద్ద వాన పడిన మర్నాడు ప్యాంటు మడిచి ఆ పెట్టెలోంచి ఒక్కసారి ఈ కొస నుంచి ఆ కొసకు నడవండి. సున్నా అని ఆ తర్వాత చెప్పండి, వింటాం.